పక్షుల జాడ తీయు జాగిలములు

స్కాట్లండు ఉత్తరభాగమున చెట్లు లేని విశాలమైన మెట్టబయళ్లు కలవు. ఆ నేలనంతయు హెదరు అను గుబురుమొక్కలు కప్పియుండును. ఆగస్టు మాసము వచ్చుసరికి ఆ మొక్కలు విరియబూచి బయలెల్ల ఊదారంగున కనిపించును. ఆ గుబురుల అడుగున గ్రౌసు అను పక్షులు నివసించును. అవి అడవికోడికంటె చిన్నవి. వాని ఈకల రంగు నేలరంగుతో కలిసిపోవుటచే పది అడుగుల దూరమున నున్నను మనుష్యుని కంటికి ఆనవు.

అట్టి బయలులో ఒక జాగిలము గాలికి ఎదురుగా పరుగెత్తుచుండును. అది కుడికి కొంత దూరము పోవును. మరల ఎడమకు తిరుగును. తల పైకెత్తి గాలిని పరీక్షించుచు సాగును. అంతలో నడినెత్తిన పిడుగు పడినట్లు నిలిచిపోవును. ముందుకాలు ఒకటి నేలను తాకక మడతపడియుండును. తోక కర్రవలె బిగిసిపోవును. మూతి ఒక పొదవైపు చూపుచుండును. ఆ పొదలో పక్షి ఉన్నది. జాగిలమునకు ఆ సంగతి తెలియును. దాని నరనరమును ముందునకు దూకుమని తొందర పెట్టుచుండును. అయినను అది దూకదు. యజమాని వచ్చి ప్రక్కన నిలుచువరకు చిత్తరువువలె కదలక నిలిచియుండును.

ఈ నిలిచియుండుటయే ఆ జాగిలము నేర్చిన విద్య. పరుగెత్తుట, వాసన పట్టుట, పట్టి కరచుట ఏ కుక్కకైనను పుట్టుకతో వచ్చినవే. కోరిన వస్తువు కన్నుల యెదుట నుండగా ఆగుట మాత్రము నేర్పవలసినది. ఆ విద్య ఎట్లు పుట్టినదో, దానినెట్లు నేర్పుదురో, ఒకప్పుడు పక్షులను చంపుటకు తోడ్పడిన ఆ విద్యయే నేడు పక్షులను కాపాడుట కెట్లు ఉపయోగపడుచున్నదో తెలిసికొనుట ఆసక్తికరము.

మానవునకును శునకమునకును గల చెలిమి వేల యేండ్లనాటిది. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట కడవరకు నడిచినది శునకమే గదా! వేటాడి పొట్టపోసికొను కాలమున మానవుడు కుక్క సాయము పొందెను. పశువులను మేపుకాలమున మందకు కాపలాగా నుంచుకొనెను. వేటకుక్కలలోను తెగలు కలవు. కొన్ని కంటిచూపుతో కుందేటిని తరిమి పట్టును. కొన్ని నేలమీది అడుగుజాడల వాసన పట్టి గుంపుగా మొరుగుచు లేళ్లను తరుమును. పక్షులవేటలో ఇవి రెండును పనికిరావు. తరిమినచో పక్షి ఎగిరిపోవును. మొరిగినచో అంతకు ముందే ఎగిరిపోవును. కావున పక్షులవేటకు నిశ్శబ్దముగా వెదకి, కనుగొన్న వెంటనే ఆగి, మనుష్యునకు తెలియజేయు జాగిలము కావలసివచ్చెను.

ఈ అవసరము తుపాకికంటె ముందు వలతో ఏర్పడినది. ఇంగ్లండు దేశపు ప్రసిద్ధవైద్యుడు జాన్ కేయస్ 1570లో బ్రిటిషు కుక్కలను గూర్చి లాటిను భాషలో ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు పక్షి జాడ కనుగొన్నంతనే అడుగులు ఆపి, చప్పుడు చేయక నేలకు అణగి యుండు ఒక కుక్కను ఆయన వర్ణించెను. కుక్క అణగిన చోటు గుర్తించి వేటగాడు వల విసరును. వల క్రింద పక్షులు చిక్కుకొనును. కుక్క నిలుచుండినచో వల దానికి అడ్డుపడును గనుక అది నేలకు అంటియుండుట అవసరమైనది. ఇట్లు నేలకు అణగు జాగిలములకే తరువాతి కాలమున ‘సెట్టరు’ అను పేరు స్థిరపడినది.

తుపాకి వచ్చిన తరువాత కుక్క అణగి యుండవలసిన పని లేకపోయెను. దూరమునకు కనబడునట్లు నిలుచుండి మూతితో దిక్కు చూపినచో చాలును. ఇట్లు దిక్కు చూపు కుక్కలకు ‘పాయింటరు’ అని పేరు వచ్చినది. ఆ మాటకు చూపునది అని అర్థము. పాయింటరునకు వెండ్రుకలు పొట్టిగా నుండును. సెట్టరునకు మెడక్రిందను, కాళ్లవెనుకను, తోకకును పట్టుకుచ్చులవంటి పొడవైన వెండ్రుకలు వ్రేలాడును. మూడవ తెగ స్పానియలు. ఇవి పొట్టివి, చురుకైనవి. ముండ్లపొదలలో దూరి పక్షిని పైకి లేపుట వీని పని. అయితే వేటగానికి దగ్గరగానే వెదకవలెను. పక్షి లేచినంతనే వెంటపడక కూర్చుండవలెను. నాలుగవ తెగ రిట్రీవరు. నేలకూలిన పక్షిని వెదకి, నీటిలో పడినచో ఈది, చెడకుండ తెచ్చి యజమాని చేతికిచ్చుట దీని పని. నేడు మన పట్టణములలో పెంపుడుకుక్కగా తరచు కనబడు లాబ్రడారు ఈ తెగలోనిదే. బంగారువన్నె గల గోల్డెన్ రిట్రీవరు జాతి 1868లో స్కాట్లండునందు ట్వీడ్‌మత్ ప్రభువు పెంచిన కుక్కల సంతతినుండి ప్రారంభమైనది.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ జాగిలములపై ఆదరము మిక్కిలి పెరిగెను. 1859లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ పట్టణమున జరిగిన కుక్కల ప్రదర్శన పాయింటర్ల కొరకును సెట్టర్ల కొరకును ఏర్పాటైనదే. కాని ఆకారమును చూచి మెచ్చుకొనుటతో వేటగాండ్రు తృప్తిపడలేదు. 1865లో బెడ్‌ఫర్డ్‌షైరునందలి సౌతిల్ అను చోట జాగిలముల పనితనమును పొలములోనే పరీక్షించు పోటీలు మొదలయ్యెను. అందముకంటె నేర్పు ముఖ్యమని ఆ పోటీలు చాటినవి.

ఈ పనికి మూలాధారము జాగిలము ముక్కు. మనుష్యుని నాసికలో వాసనను గ్రహించు కణములు లక్షలలో నుండగా, కుక్క నాసికలో అవి 20 కోట్లకు పైబడి యుండును. వాసన చూచునప్పుడు కుక్క సెకనుకు ఐదారు మారులు గాలిని లోనికి పీల్చి విడుచును. పీల్చిన గాలిలో కొంత భాగము ఊపిరితిత్తులకు పోక వాసన గ్రహించు అరలోనికి వేరుగా పోవును. విడిచిన గాలి ముక్కుపుటముల ప్రక్కనున్న చీలికల గుండ వెనుకకు పోవును. అందుచే ఎదుటనుండి వచ్చు వాసన చెదరిపోదు. ముక్కుకొన తడిగా నుండుటయు వాసనకణములు అంటుటకు అనుకూలము.

పొదలో దాగిన పక్షి దేహమునుండి వాసన వెలువడి గాలితో కొట్టుకొనిపోవును. పొగ ఒక చోట బయలుదేరి పోనుపోను వ్యాపించునట్లే ఈ వాసనయు విసనకఱ్ఱవలె విచ్చుకొనును. కావున జాగిలమును గాలికి ఎదురుగా విడువవలెను. అది కుడియెడమలకు తిరుగుచు ముందుకు సాగినచో ఎక్కడనో ఒక చోట ఆ వాసనచాళ్లలో అడుగిడక తప్పదు. పొలము దున్నువాడు సాలు వెంట సాలు తోలి నేలలో చారెడు చోటైనను విడువనట్లే, మంచి జాగిలము బయలునందు ఏ భాగమును విడువక వెదకును. గాలి వెనుకనుండి వీచుచున్నచో ఎంత గొప్ప ముక్కు గల కుక్కయు పక్షిని త్రొక్కినంత దగ్గరకు పోయి దానిని బెదరించును. ఆ తప్పు కుక్కది గాదు. గాలిని గమనింపక విడిచిన యజమానిది.

పక్షిని కనుగొన్నపుడు ఆగు గుణము కొంతవరకు పుట్టుకతోనే వచ్చును. పిల్లి ఎలుకమీదికి దూకుటకు ముందు ఒక్క క్షణము కదలక పొంచియుండుట అందరును చూచినదే. తోడేళ్లకును, కుక్కలకును ఆ అలవాటు కలదు. ఆ క్షణమాత్రపు నిలుకడ ఎక్కువగా గల కుక్కలను ఏరి, తరతరములుగా వాని సంతానమును పెంచుటచే పాయింటర్లకును సెట్టర్లకును ఆ గుణము స్థిరపడినది. రెండుమూడు నెలల కూన సైతము దారమునకు కట్టిన ఈకను చూచి కాలెత్తి నిలిచిపోవును. కాని అది నాలుగు క్షణములు నిలిచి పిదప దూకును. ప్రకృతి ఇచ్చినది క్షణకాలము. దానిని యజమాని వచ్చువరకు పొడిగించుటయే శిక్షణ.

శిక్షణ కూన పుట్టిన కొలదికాలమునకే ఆరంభమగును. కుక్కకూనలు కన్నులు మూసికొని పుట్టును. సుమారు రెండు వారములకు కన్నులు తెరచును. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము వాని జీవితమునకు పునాదివంటిది. ఆ కాలమున మనుష్యుల స్పర్శను, పిల్లల కేకలను, బండ్ల చప్పుళ్లను, ఇతరజంతువులను ఎరిగిన కూన పెద్దదై ధైర్యముగా నుండును. ఆ కాలమున చీకటికొట్టములో పెరిగినది జీవితాంతము బెదరుగొడ్డుగా మిగులును. ఎనిమిది వారములు నిండకుండ కూనను తల్లినుండి వేరుచేయరాదు. తోడికూనలతో ఆడుకొనుచు, గట్టిగా కరచినచో ఆట ఆగిపోవునని అది నేర్చుకొనును. అదియే దానికి మొదటిపాఠము.

తరువాత యజమాని పాఠములు మొదలగును. మొదట పేరు పిలిచిన చూచుట, పిలిచిన వచ్చుట, కూర్చుండుట నేర్పుదురు. పాఠము ఐదు నిమిషములకు మించరాదు. దినమునకు రెండుమూడు మారులు చాలును. ఒక పనికి ఒకే మాట వాడవలెను. ఇంటిలో నొకరు ‘రా’ అనియు, మరియొకరు ‘ఇటు’ అనియు, వేరొకరు ‘దగ్గరకు’ అనియు పిలిచినచో కూన ఏమి నేర్చుకొనగలదు? చెప్పినట్లు చేసిన మరుక్షణమే చిరుతిండి యిచ్చియో, మెడ నిమిరియో మెచ్చుకొనవలెను. దూరమునుండి ఆజ్ఞ ఇచ్చుటకు ఈల ఉపయోగింతురు. మనుష్యుని గొంతు కోపమునకు, అలసటకు మారుచుండును. ఈల మాత్రము ఎన్నడును ఒకే తీరున పలుకును.

ఇక ముఖ్యమైన పాఠము ఆగుట. కూన మెడపట్టీకి పదునైదు ఇరువది గజముల త్రాడు కట్టి నడిపింతురు. ‘ఆగు’ అని త్రాడును మెల్లగా బిగబట్టుదురు. కూన నిలిచినంతనే త్రాడు వదులగును, మెచ్చుకోలు దొరకును. క్రమముగా నిలుచు కాలమును రెండు క్షణములనుండి పది క్షణములకు, పిదప నిమిషములకు పెంచుదురు. యజమాని దూరముగా పోయి మరల వచ్చును. కుక్క చుట్టును తిరుగును. దానిమీదుగా అడుగు వేయును. అయినను అది కదలరాదు. ఈ పాఠము పెరటిలో చక్కగా వచ్చిన తరువాతనే పక్షిని చూపుదురు. పంజరములోని పావురము వాసన గాలివెంట వచ్చునట్లు ఏర్పాటుచేసి, త్రాడు కట్టిన జాగిలమును తీసికొనివత్తురు. వాసన తగిలి అది నిలుచును. దూకబోయినచో త్రాడు ఆపును. నిలిచియున్నచో యజమాని వచ్చి మెల్లగా వీపు నిమురును. చివరకు పావురము ఎదుటనే రెక్కలు టపటపలాడించుచు ఎగిరిపోయినను జాగిలము చూచుచు నిలుచును. అప్పటికి ఆ పాఠము పూర్తియైనట్లు.

మరియొక పాఠమునందు రెండు జాగిలములు పాల్గొనును. ఒకటి పక్షిని కనుగొని నిలిచినపుడు దూరమున నున్న రెండవది దానిని చూచి తానును నిలిచిపోవలెను. రెండవదానికి వాసన తగులలేదు, పక్షి కనబడలేదు. తోటిజాగిలముపై గౌరవముంచి అది ఆగును. అసూయతో ముందుకు దూకి తోటిదాని కష్టమును పాడుచేయు కుక్క ఎంత ముక్కుబలము గలదైనను పోటీలలో నెగ్గదు.

తుపాకి చప్పుడునకు అలవాటుచేయుటలో తొందరపాటు పనికిరాదు. కూన ఇష్టముగా తిండి తినుచున్నప్పుడో, ఆడుచున్నప్పుడో చాల దూరమున చిన్న చప్పుడు చేయుదురు. అది తలయెత్తి చూచి మరల తినుట మొదలిడినచో మరునాడు కొంచెము దగ్గరగా చేయుదురు. ఇట్లు వారములు గడచును. తొలినాడే చెవిదగ్గర పేల్చినచో ఆ భయము మనసులో నాటుకొనిపోవును. దానిని పోగొట్టుట మిక్కిలి కష్టము.

రిట్రీవరుల శిక్షణలో ‘మెత్తని నోరు’ ముఖ్యము. గుడ్డతో చుట్టిన మెత్తని మూటను విసరి తెమ్మందురు. తెచ్చిన వస్తువును నోటినుండి గుంజుకొనరాదు. గుంజినచో కుక్క పండ్లు బిగించుట నేర్చును. పిదప పక్షిని నలిపివేయును. చేయి చాచి, అది తానై వదలువరకు వేచియుండవలెను. మంచి రిట్రీవరు రెండు మూడు పక్షులు వేరువేరు చోట్ల కూలినను ఆ చోట్లను గుర్తుంచుకొని ఒకదాని తరువాత ఒకటి తెచ్చును. తాను చూడనిదానిని యజమాని చేతిసంజ్ఞను బట్టి పోయి వెదకును. దీని పనిలో కరుణయు కలదు. గాయపడి పొదలో పడిన పక్షి కనబడక పోయినచో దినముల తరబడి బాధపడి చచ్చును. దానిని వెదకి తెచ్చు జాగిలము ఆ యాతనను తొలగించును.

ఈ విద్య నేర్పు విధానమున ఒక పెద్ద మార్పు వచ్చినది. పూర్వకాలమున ఇంగ్లీషువారు జాగిలములకు శిక్షణ ఇచ్చుటను ‘విరుచుట’ అను అర్థము గల మాటతో పిలిచెడివారు. కొరడాయే గురువుగా నుండెను. 1848లో హచిన్సన్ అను సైనికాధికారి జాగిలముల శిక్షణపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన పుస్తకము పేరులోను ఆ పాతమాటయే యున్నది. కాని లోపల బోధించినది ఓర్పు, స్పష్టమైన సంజ్ఞలు, మంచి పనికి తగిన బహుమానము. దెబ్బకు భయపడిన కుక్క ఆలోచించుట మానును అను సంగతి అనుభవజ్ఞులైన శిక్షకులు క్రమక్రమముగా గుర్తించిరి.

దీనికి కారణము కుక్క మనసు పనిచేయు తీరులో నున్నది. కుక్క తాను చేసిన పనికిని, దాని ఫలమునకును ముడిపెట్టుకొనుటకు రెండును వెంటవెంటనే జరుగవలెను. ఒక కూన పిలిచిన రాక పొలములో పది నిమిషములు తిరిగి, పిదప తోక ఊపుచు వచ్చినది అనుకొందము. యజమాని కోపముతో దానిని కొట్టెను. ఆలస్యమునకు శిక్షించితినని యజమాని తలపు. కూన గ్రహించినది వేరు: యజమాని దగ్గరకు వచ్చినచో దెబ్బలు పడును. మరునాడు అది మరింత దూరముగా పోవును. తప్పెవరిది? నేర్పు విధము తెలియని గురువుదే గదా! అందుచే మంచి శిక్షకుడు కోపము వచ్చిననాడు పాఠము చెప్పడు. పాఠము ముగించునప్పుడు కూనకు బాగుగా వచ్చిన పనియే చేయించి, మెచ్చుకొని ముగించును.

నేర్పుటతో బాధ్యత తీరదు. పోషణయు అంత ముఖ్యమైనది. కూనలకు దినమునకు మూడు నాలుగు మారులు, పెద్దకుక్కలకు రెండు మారులు ఆహారము పెట్టవలెను. కడుపునిండ తిన్నవెంటనే పరుగెత్తించరాదు. లోతైన రొమ్ము గల జాగిలములకు కడుపు ఉబ్బి మెలిపడి ప్రాణాపాయము కలుగవచ్చును. ఉల్లిపాయలు, ద్రాక్షపండ్లు, చాకొలెట్లు కుక్కలకు విషతుల్యములు. ఉడికిన ఎముకలు పుల్లలుగా చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. కావున వానిని పెట్టరాదు. శుభ్రమైన నీరు ఎల్లవేళల అందుబాటులో నుండవలెను.

బయలినుండి తిరిగివచ్చిన జాగిలమును యజమాని తాను భోజనమునకు కూర్చుండుటకు ముందే పరీక్షింపవలెను. కాలివ్రేళ్ల సందులలో పల్లేరుకాయలు, గడ్డిముండ్లు దిగియుండును. వ్రేలాడు చెవుల లోపల తడి నిలిచి పుండ్లు పడును. వెండ్రుకల మొదళ్లలో పిడుదులు పట్టి రక్తము త్రాగుటయేగాక జ్వరములను అంటించును. వీనినన్నిటిని తీసి, శరీరము తుడిచి, వెండ్రుకలు దువ్వి, పొడిచోట పడుకొనబెట్టవలెను.

కుక్క దేహపు సహజమైన వేడి 101 మొదలు 102.5 ఫారన్‌హీటు డిగ్రీల వరకు నుండును. మనుష్యులవలె కుక్కకు దేహమంతట చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది వేడిని తగ్గించుకొనును. ఎండలో అతిగా పరుగెత్తిన జాగిలము తూలుట, చొంగ కార్చుట, చిగుళ్లు ఎఱ్ఱబారుట వడదెబ్బకు గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, నీళ్లతో ఒడలు తడిపి, విసరుచు పశువైద్యుని కడకు తీసికొనిపోవలెను. రొప్పుచున్న కుక్క వాసనను సరిగా పట్టజాలదు. కావున దానికి విశ్రాంతి ఇచ్చుట దయ మాత్రమే గాదు, పనికిని అవసరమే. కూనప్రాయమున డిస్టెంపరు, పార్వో వ్యాధులకు, మూడు నెలల వయసున రేబిసు వ్యాధికి టీకాలు వేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. ముసలిదై ముక్కు మందగించిన జాగిలమును వీధిపాలు చేయుట కృతఘ్నత. అది తన బలమున్నన్నాళ్లు సేవచేసినది. బలముడిగిన నాళ్లు పోషింపబడు హక్కు దానికి కలదు.

కాలము మారినది. తుపాకులు పెరుగుటయు, అడవులు తరుగుటయు అనేకదేశములలో పక్షుల సంఖ్యను తగ్గించినవి. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991లో దానిని సవరించి, వినోదము కొరకు లైసెన్సుపై వేటాడు పద్ధతిని తొలగించిరి. కౌజులను, పూరేళ్లను వలవేసి పట్టుటయు నేరమే. అట్లయినచో పక్షుల జాడ తీయు విద్య వ్యర్థమైనదా? కాలేదు. దాని ఉపయోగము మరియొక దారిని పట్టినది. ఆ దారి చూడవలెనన్న న్యూజీలండు దేశమునకు పోవలెను.

న్యూజీలండు ద్వీపములలో మనుష్యులు అడుగిడుటకు పూర్వము గబ్బిలములు తప్ప నేలపై నివసించు క్షీరజంతువులు లేవు. వెంటాడు మృగములు లేనిచోట కొన్ని పక్షులు ఎగురుట మరచినవి. వానిలో కాకపో అను పెద్ద చిలుక ఒకటి. కివి పక్షి మరొకటి. కాకపో రాత్రులందు తిరుగును, చిలుకలన్నిటిలో బరువైనది. అపాయము తోచినపుడు అది పరుగెత్తదు, కదలక నిలిచిపోవును. ఆకాశమునుండి కంటిచూపుతో వేటాడు గద్దలనుండి ఆ ఉపాయము దానిని కాపాడెను. కాని దాని దేహమునకు ఘాటైన సువాసన కలదు. వలసవచ్చిన మనుష్యులతో పిల్లులు, ఎలుకలు, స్టోటు అను ముంగిసవంటి జంతువులు వచ్చినవి. ముక్కుతో వేటాడు వాని యెదుట కదలక నిలుచుట ఆత్మహత్యయే అయ్యెను.

1894లో రిచర్డు హెన్రీ అను నతడు రిజల్యూషన్ ద్వీపమునకు సంరక్షకుడుగా నియమింపబడెను. ఎదుటితీరముననున్న కాకపోలను, కివులను పట్టి అపాయము లేని ఆ ద్వీపమునకు చేర్చుట అతని పని. దట్టమైన వర్షారణ్యమున నేలరంగులో దాగిన పక్షిని మనుష్యుడు కనుగొనజాలడు. హెన్రీ తన కుక్కకు పక్షులను వెదకుట నేర్పెను. అది కరవకుండ మూతికి చిక్కము తొడిగెను. మన రైతు పైరులో నడుచు ఎద్దు మూతికి చిక్కము కట్టుట లేదా? ఉద్దేశ్యము అదియే: పని జరుగవలెను, పైరు మిగులవలెను. కొన్ని యేండ్లలో వందలకొలది పక్షులను అతడు పడవలో దాటించెను. కాని 1900లో ఆ ద్వీపముపై స్టోటు కనబడెను. అవి సముద్రము నీదగలవు. హెన్రీ శ్రమ కన్నులయెదుటనే నీటిపాలయ్యెను. అయినను అతడు చూపిన పద్ధతి నిలిచినది.

శిక్షలేని కుక్కవలన కలుగు హాని ఎంతటిదో 1987లో అదే దేశమున తెలిసినది. వైటాంగీ అను అడవిలో సుమారు 900 కివి పక్షులు ఉండెను. శాస్త్రజ్ఞులు 24 పక్షులకు రేడియో పరికరములు కట్టి గమనించుచుండిరి. కొలది వారములలో వానిలో 13 చచ్చిపడియుండెను. వానిని చంపినది ఊరు విడిచి తిరుగుచున్న ఒక్క జర్మన్ షెపర్డు కుక్క. దానిని చంపువరకు మొత్తము 500 పక్షులవరకు దాని నోట పడి యుండునని అంచనా వేసిరి. ఆ కుక్క క్రూరమైనది గాదు. ఎవరును ఆగుమని నేర్పక విడిచిపెట్టిన కుక్క. వదలివేసిన యజమాని నిర్లక్ష్యము ఒక అడవి పక్షులను సగముకు పైగా తుడిచిపెట్టెను.

ఆ దశాబ్దముననే శిక్షణ పొందిన జాగిలములు చేసిన మేలును చూడుడు. 1970లనాటికి కాకపో జాతి అంతరించినదనియే అనేకులు తలచిరి. వెదకగా దొరకిన కొలది పక్షులును మగవే. 1977లో స్టూవర్టు ద్వీపమున మరికొన్ని కాకపోలు కలవని తెలిసెను. 1980లో అక్కడ ఆడపక్షులు కనబడెను. దట్టమైన పొదలలో వానిని కనుగొనుటకు చిక్కము తొడిగిన శిక్షిత జాగిలములు తోడ్పడినవి. కాని అక్కడ పిల్లుల బెడద యుండుటచే 1982 మొదలుకొని ఆ పక్షులను పట్టి, అపాయము లేని దీవులకు తరలించిరి. 1995లో లోకమందలి కాకపోలు 51 మాత్రమే. 2022 నాటికి వాని సంఖ్య 252కు చేరెను. ఆహారము పెట్టి, గూళ్లను కాచి, గ్రుడ్లను పొదిగించిన మనుష్యుల కృషి అందు ఎంతయో కలదు. కాని తొలుత పక్షి కనబడనిచో ఆ కృషికి తావేది? నేడును ఆ దేశమున కివులను వెదకు జాగిలములను పరీక్షించి, యోగ్యములైన వానికే అనుమతి ఇత్తురు. అవి చిక్కము ధరించియే అడవిలో పనిచేయును.

మన దేశమునను 2008 నుండి వన్యప్రాణుల రక్షణకు జాగిలములకు శిక్షణ ఇచ్చుచున్నారు. పులిచర్మములు, ఎముకలు, అడవిజంతువుల మాంసము దాచినచోటును అవి వాసనబట్టి కనుగొని అటవీశాఖవారికి చూపును. వానికిని నేర్పునది అదే పాఠము: వెదకుము, కనుగొనుము, ఆగుము, చూపుము.

జాగిలము ముక్కు మారలేదు. దాని ఉత్సాహము మారలేదు. వలవేటకాలమున అది వేటగానికి లొంగి ఆగినది. నేడు పక్షిప్రాణమును నిలుపుటకు ఆగుచున్నది. దానిని చంపుటకు వాడుటయు, కాచుటకు వాడుటయు మనుష్యుని చేతిలోని పని. వైటాంగీ అడవిలో తిరిగిన కుక్కకును, స్టూవర్టు ద్వీపమున కాకపోను కనుగొని నిలిచిన జాగిలమునకును పుట్టుకలో భేదము కొంచెమే. ఒకదాని వెనుక ఓర్పుతో నేర్పిన మనుష్యుడు కలడు. రెండవదాని వెనుక ఎవరును లేరు.